తిరుగు షాఫ్టునకు నిలుకడ లెక్క

బలముల సమతాస్థితిని గూర్చిన పాఠము చదివిన విద్యార్థికి ఒక సందేహము కలుగక మానదు. గోడకు ఆనించిన నిచ్చెన, రెండు మేకులకు వ్రేలాడదీసిన పటము, అంగడిలోని త్రాసు - పాఠములోని యుదాహరణములన్నియు కదలక నిలిచియున్న వస్తువులే. వాటిపై పనిచేయు బలముల మొత్తము సున్న యనియు, ఆ బలముల భ్రామకముల మొత్తము కూడ సున్న యనియు చెప్పినచో సులభముగా ఒప్పుకొందుము. కాని నిమిషమునకు 240 చుట్లు తిరుగుచున్న యంత్రపు షాఫ్టును చూపి, దీనికి కూడ అదే లెక్క యని ఉపాధ్యాయుడు చెప్పినచో మనసు ఒప్పుకొనదు. తిరుగుచున్నది నిలిచియున్న దెట్లగును?

ఈ సందేహము తీరనిచో బేరింగులు ఎంత బరువును మోయవలయునో, షాఫ్టు ఎంత లావుగా ఉండవలయునో, అది విరుగునేని ఏ చోట విరుగునో చెప్పుటకు వీలులేదు. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతముల చాళ్లలోని తెలుగు కుటుంబములలో తాతయో ముత్తాతయో అట్టి షాఫ్టుల క్రింద బ్రదుకు వెళ్లబుచ్చినవాడే. కనుక ఈ లెక్క మనకు పరాయిది కాదు.

మొదట సందేహమును తీర్చుకొందము. న్యూటను మొదటి సూత్రము నిలిచియున్న వస్తువును గూర్చి మాత్రమే చెప్పలేదు. తిన్నని దారిని, మారని వేగముతో పోవుచున్న వస్తువుపైనను నికరబలము సున్నయే యని అది చెప్పుచున్నది. బలము కావలసినది వేగమును మార్చుటకు గాని, వేగమును నిలుపుకొనుటకు కాదు. తిరుగు వస్తువునకు కూడ దీనికి జోడైన నియమ మున్నది. తిరుగు వేగము పెరుగక, తరుగక యున్నంతవరకు, వస్తువును త్రిప్పు భ్రామకములకును దానిని ఆపజూచు భ్రామకములకును చెల్లుకు చెల్లు. ఏ యొకటి హెచ్చినను వేగము మారి తీరవలయును. వేగము మారుటలేదు గనుక ఏదియు హెచ్చు కాదు.

చురుకైన విద్యార్థి ఇచ్చట అడ్డు తగులవచ్చును. వృత్తమార్గమున తిరుగు ప్రతి కణమునకును కేంద్రమువైపు త్వరణము ఉండునుగదా, త్వరణ మున్నచోట బలము ఉండవలదా యని. మంచి ప్రశ్న. షాఫ్టు అంచున ఒక కణమును గైకొనుడు. భ్రమణాక్షమునకు ఆవల, సరిగా దాని కెదురుగా, అంతే దూరమున మఱియొక కణమున్నది. మొదటిదాని త్వరణము కుడికైనచో రెండవదానిది ఎడమకు. ఇట్లు జతజతకును చెల్లిపోగా మొత్తము షాఫ్టునకు మిగులు త్వరణము సున్న. ఆ కణములను పట్టియుంచు లాగుడు లోహము లోపలనే ముగియును. బయటనున్న బేరింగునకు దాని సంగతియే తెలియదు. ఇందుకు ఒక నియమము మాత్ర మున్నది: షాఫ్టు, దానిపై బిగించిన పుల్లీలు, వీటి బరువు భ్రమణాక్షము చుట్టును సమముగా పరచుకొని యుండవలయును. ఈ నియమము తప్పినచో ఏమగునో కొంత తడవునకు చూతము.

ఇక లెక్కకు వచ్చుటకు ముందు మన పూర్వులు భుజములతో చేసిన లెక్క నొకదానిని చూడవలయును. కామాఠీపురా పేట పేరునకు కారకులైన కామాఠీలు 19వ శతాబ్దిలో నిజాం రాజ్యపు తెలంగాణమునుండి వచ్చి బొంబాయి కట్టడపు పనులలో రాయి, మన్ను, సున్నము మోసిన శ్రామికులు. ఇరువురు మనుష్యులు 2 మీటరుల వెదురుబొంగును భుజముల కెత్తుకొని, దానికి 60 కిలోల రాతిని త్రాటితో వ్రేలాడదీసి మోయుచున్నారనుకొనుడు. రాయి ముందువానికి అర మీటరు దూరమునను, వెనుకవానికి ఒకటిన్నర మీటరు దూరమునను ఉన్నది. వెనుకవాని భుజమునుండి భ్రామకములు గైకొనినచో, రాతి భ్రామకము 60 × 1.5 = 90. ముందువాని భుజము దీనిని 2 మీటరుల దూరమునుండి ఆపవలయును గనుక వానిపై పడు బరువు 45 కిలోలు. మిగిలిన 15 కిలోలు వెనుకవానిది. బడిలో చదువని కూలివానికి కూడ రాతిని తన తోడివానివైపు జరుపుటెట్లో తెలియును! ఇపుడు వారిరువురు సమమైన నడకతో వీధివెంట పోవుచున్నారనుకొనుడు. లెక్క మారినదా? లేదు. నడుచుచున్నను 45, 15 కిలోలే. వారు ఉలికిపడి ఆగినపుడును, పరుగెత్తబోయినపుడును మాత్రమే భుజములపై వేరు బలములు తగులును.

షాఫ్టు కూడ ఇట్టి బొంగే. భుజములకు బదులు బేరింగులు, రాతికి బదులు పుల్లీలు, వాటిని లాగు పట్టాలు.

బొంబాయిలో మొదటి నూలుమిల్లు కవాస్‌జీ దావర్ అను పారసీ వర్తకుని పూనికతో 1854లో తార్‌దేవ్‌లో ఏర్పడి 1856లో పనిచేయ నారంభించినది. కామాఠీపురానుండి తార్‌దేవ్ కాలినడక దూరము. ఆ నాటి మిల్లులలో మిల్లు కంతటికిని ఒకే ఆవిరియంత్రము ఉండెడిది. దాని పెద్ద చక్రమునుండి త్రాళ్లో పట్టాలో అంతస్తంతస్తునకును సాగి, పైకప్పు క్రింద ఈ కొసనుండి ఆ కొసవరకు పోవు పొడవైన షాఫ్టులను త్రిప్పెడివి. ఆ షాఫ్టులపై వరుసగా పుల్లీలు. ఒక్కొక్క పుల్లీనుండి ఒక్కొక్క యంత్రమునకు దిగు పట్టా. 1915లో ఖోపోలీ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినపిదప మిల్లులు క్రమముగా ఆవిరిని విడిచి విద్యుత్తునకు మారినవి. ఆ తరువాత యంత్రమున కొక మోటారు వచ్చి పైకప్పు షాఫ్టులు కనుమరుగైనవి. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము ప్రాంతములనుండి వచ్చిన పద్మశాలి కార్మికులు సాంచాలు నడపిన మిల్లులలో పెక్కు 1982 జనవరి 18న ఆరంభమైన మహాసమ్మె పిదప కోలుకొనలేదు. లోయర్ పరేల్‌లోని ఫీనిక్సు మిల్లు చోట ఇపుడు అంగళ్ల సముదాయ మున్నది. కాని షాఫ్టు పోలేదు. భివండీలోని మరమగ్గములలోను, సందు చివరనున్న పిండిగిర్నిలోను, ఇంటిలోని కుట్టుమిషనులోను అది తిరుగుచునే యున్నది.

ఒక చిన్న కార్ఖానాను ఊహించుకొందము. గోడకు బిగించిన రెండు బేరింగులు. వాటిని క, ఖ అని పిలుతము. వాటి నడిమి దూరము 2 మీటరులు. వాటిలో 40 మిల్లీమీటరుల వ్యాసము గల ఉక్కు షాఫ్టు ఉన్నది. దాని బరువు ఇంచుమించు 20 కిలోలు. అది నట్టనడుమ, అనగా క నుండి 1 మీటరు దూరమున పనిచేయునని భావింపవచ్చును. క నుండి అర మీటరు దూరమున 60 సెంటీమీటరుల వ్యాసము గల పెద్దపుల్లీ, బరువు 30 కిలోలు. మోటారు అదే యెత్తున ఎదుటి గోడపై ఉన్నది గనుక దానినుండి వచ్చు పట్టా అడ్డముగా ఉన్నది. క నుండి ఒకటిన్నర మీటరు దూరమున 45 సెంటీమీటరుల వ్యాసము గల చిన్నపుల్లీ, బరువు 20 కిలోలు. దానినుండి పట్టా నిట్టనిలువుగా క్రిందనున్న యంత్రమునకు దిగుచున్నది. షాఫ్టు సెకనునకు 4 చుట్లు తిరుగుచున్నది.

పట్టాకు రెండు పాయలుండును. చక్రమును లాగుకొనిపోవు పాయ బిగువుగాను, తిరిగివచ్చు పాయ వదులుగాను ఉండును. చక్రమును త్రిప్పునది ఈ రెండు బిగువుల తేడాయే. షాఫ్టును ప్రక్కకు లాగునది ఈ రెండింటి మొత్తము. ఈ ఒక్క వాక్యమును మనసున నిలుపుకొనినవానికి ఈ విషయములో సగము వచ్చినట్లే.

తోలుపట్టా జారకుండ లాగవలయునన్నచో బిగువుపాయ వదులుపాయకు ఇంచుమించు రెండురెట్లు ఉండవచ్చునని గైకొందము. పెద్దపుల్లీపై 60 కిలోలు, 30 కిలోలు. తేడా 30. దానిని పుల్లీ వ్యాసార్ధమైన 0.3 మీటరుతో గుణించినచో త్రిప్పు భ్రామకము 9 కిలోగ్రాము-మీటరులు. షాఫ్టు సమవేగముతో తిరుగుచున్నది గనుక చిన్నపుల్లీ వద్ద యంత్రము సరిగా 9 కిలోగ్రాము-మీటరుల భ్రామకముతో దానిని వెనుకకు పట్టుచుండవలయును. ఎక్కువయైనచో వేగము తగ్గును, తక్కువయైనచో పెరుగును. చిన్నపుల్లీ వ్యాసార్ధము 0.225 మీటరు. 9ని దానిచే భాగించినచో తేడా 40 కిలోలు. కావున అచ్చటి పాయలలో 80, 40 కిలోలు. చూచితిరా, యంత్రమును ముట్టకయే దాని పట్టాలోని బిగువును కనుగొంటిమి! బేరింగుల ఘర్షణను స్వల్పమని విడిచితిమి.

ఈ షాఫ్టు ఎంత పని చేయుచున్నదని అడుగుదురేమో. ఒక చుట్టునకు పని, భ్రామకమును 6.28 చే గుణించగా వచ్చును. సెకనునకు 4 చుట్లు గనుక 9 × 6.28 × 4 = 226 కిలోగ్రాము-మీటరులు. సెకనునకు 75 కిలోగ్రాము-మీటరులు ఒక అశ్వసామర్థ్యము. మన కార్మికులు హార్స్‌పవర్ అందురు. కాబట్టి ఇది మూడు హార్స్‌పవర్ షాఫ్టు.

ఇపుడు బేరింగుల సంగతి. బలములు కొన్ని నిలువుగాను, కొన్ని అడ్డముగాను ఉన్నవి. రెండింటిని ఒకేమారు చూడబోయినచో తల తిరుగును. కనుక షాఫ్టును మొదట ఎదుటనుండి చూచి నిలువు బలములను మాత్రమే లెక్కింతము. పిమ్మట పైనుండి చూచి అడ్డు బలములను లెక్కింతము. ఈ రెండు చూపులు ఒకదానికొకటి అడ్డురావు.

ఎదుటనుండి చూచినపుడు పెద్దపుల్లీ బరువు 30, షాఫ్టు బరువు 20, చిన్నపుల్లీ వద్ద బరువు 20తో పట్టా రెండు పాయల లాగుడు 120 కలిసి 140. మొత్తము 190 కిలోలు క్రిందికి. క నుండి భ్రామకములు: 30 × 0.5 = 15; 20 × 1 = 20; 140 × 1.5 = 210. కూడినచో 245. ఖ బేరింగు దీనిని 2 మీటరుల దూరమునుండి ఆపవలయును గనుక దాని ప్రతిక్రియ 122.5 కిలోలు. మిగిలినది, 67.5 కిలోలు, క బేరింగునది.

పైనుండి చూచినపుడు పెద్దపుల్లీని అడ్డముగా లాగు పట్టా 90 కిలోలు మాత్రమే కనబడును. దాని భ్రామకము 90 × 0.5 = 45. ఖ వద్ద 22.5, క వద్ద 67.5 కిలోలు.

క బేరింగుపై నిలువుగా 67.5, అడ్డముగా 67.5, రెండును లంబముగా ఉన్నవి గనుక లంబకోణ త్రిభుజపు సూత్రము చొప్పున మొత్తము 95.5 కిలోలు, సరిగా 45 డిగ్రీల వాలున. ఖ బేరింగుపై 122.5, 22.5 కలిసి 124.5 కిలోలు, ఇంచుమించు నిలువుగా.

ఇచ్చట ఆగి ఒక పోలిక చేయవలయును. పట్టాలు రెండును తీసివేసి షాఫ్టును ఊరక ఉంచినచో పుల్లీలతో కూడ దాని బరువు 70 కిలోలే. క పై 37.5, ఖ పై 32.5. పట్టాలు వేయగానే 95.5, 124.5. అనగా ఖ బేరింగు తాను మోయు ఇనుము బరువునకు నాలుగురెట్లు దగ్గర మోయుచున్నది. పట్టా తేలికైనది గదా యని దానిని లెక్కలో విడుచువాడు అసలు భారమునే విడిచినవాడగును.

మఱియొక వింత. మోటారును ఆపి, పట్టాలను పుల్లీలమీదనే ఉంచితిమనుకొనుడు. పెద్దపుల్లీ పట్టా రెండు పాయలలోను బిగువు సమముగా చెరి 45 కిలోలు ఇంచుమించుగా ఉండును. చిన్నపుల్లీ వద్ద చెరి 60. మొత్తములు 90, 120 - నడచునపుడు ఎంతయో అంతయే! షాఫ్టు తిరుగుచున్నను ఆగియున్నను బేరింగులపై భారము ఒక్కటియే. తిరుగుట వలన బిగువు ఒక పాయనుండి రెండవదానికి మారినది గాని కొత్త భారము పుట్టలేదు. తిరుగు షాఫ్టునకు నిలుకడ లెక్క చెల్లునా యని మొదట పుట్టిన సందేహమునకు ఇంతకంటె గట్టి సమాధానము లేదు. (చక్రముపై వంగునపుడు పట్టాకు గల సొంత కేంద్రాపగమన ప్రభావము ఒకటి యున్నది, మన వేగమున అది లెక్కింపదగినంతటిది కాదు.)

పట్టా జారుచున్నదని తోచినపుడు కార్ఖానాలలో చేయు మొదటి పని దానిని ఇంకను బిగించుట. దాని ఫలితమును లెక్కవేయుడు. పెద్దపుల్లీ పట్టాను 60, 30 కిలోలకు బదులు 90, 60 కిలోలగునట్లు బిగించితిమనుకొందము. తేడా మునుపటి 30 కిలోలే గనుక యంత్రమునకు ఒక్క రవ్వయు అధికముగా పని అందలేదు. కాని మొత్తము 90 నుండి 150 అయినది. క బేరింగుపై అడ్డుభారము 112.5కు పెరిగి, మొత్తము భారము 131 కిలోలగును. బేరింగు కాగును, నూనె పలుచనై కారిపోవును, కంచు అరుగును. కాగిన బేరింగుపై నీరు చల్లి, నూనె మంచిది కాదని దుకాణదారును నిందించువారు కలరు. పట్టాకు అంటిన దుమ్మును, జిడ్డును తుడిచినచో బిగింపకయే పని జరుగవచ్చును. పెద్దపుల్లీని బేరింగునకు దగ్గరగా జరిపినచో షాఫ్టు వంపు తగ్గును.

వంపు అంటిమి. షాఫ్టు అనగానే అది మెలిదిరుగుటయే దాని కష్టమని పలువురి భావన. మన షాఫ్టులో మెలిత్రిప్పు భ్రామకము 9. చిన్నపుల్లీ ఉన్నచోట వంచు భ్రామకము, ఖ ప్రతిక్రియ 124.5ను అర మీటరుతో గుణించగా, 62 కిలోగ్రాము-మీటరులు. మెలికకు ఏడురెట్లు దగ్గర! ఈ షాఫ్టు విరుగునేని చిన్నపుల్లీ అంచున, వంపు వలన విరుగునని లెక్క చెప్పుచున్నది.

అయినను ఇచ్చట నిలుకడ లెక్క తన పరిమితిని కూడ తెలుపుచున్నది. బలములు ఒకే దిశలో నిలిచియున్నవి. వాటి క్రింద షాఫ్టు తిరుగుచున్నది. వంగిన షాఫ్టు క్రిందివైపు లోహము సాగియుండును, పైవైపు లోహము నొక్కుకొని యుండును. సగము చుట్టు తిరుగగానే సాగినది నొక్కుకొనును, నొక్కుకొనినది సాగును. సెకనునకు నాలుగుమార్లు, ఎనిమిది గంటల పాళీలో 1,15,200 మార్లు, మున్నూరు పనిదినములలో మూడున్నర కోట్ల మార్లు ఇట్లు జరుగును. ఇనుపతీగను చేతితో ఇటునటు వంచి త్రుంచినవారికి దీని భావము తెలియును. నిలిచియున్నపుడు సులభముగా భరింపగల బరువునకు, తిరుగుచున్న ఉక్కు కొన్ని యేండ్లకు అలసి విరుగవచ్చును. 1842 మే 8వ తేదీన వెర్సాయినుండి పారిసునకు వచ్చుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగి, బండ్లు ఒకదానిపై నొకటి పడి మంటలు లేవగా ఏబదిమందికి పైగా మరణించిరి. అంతవరకు నమ్మకముగా తిరిగిన ఇరుసు ఒక్క మారుగా ఏల విరుగునని యూరపు ఇంజనీరులు యోచింప మొదలిడిరి. జర్మను రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్ది మధ్యభాగమున ఇరుసులను వంచుచు త్రిప్పు యంత్రములను నిర్మించి, ఎంత వంపునకు ఎన్ని చుట్లలో ఉక్కు విరుగునో సంవత్సరముల తరబడి పరీక్షించెను. ఆయన పరీక్షలకు కూడ మొదటి మెట్టు మనము చేసిన లెక్కయే. బలమెంతయో తెలియనిదే దానికి లోహము ఎన్నాళ్లోర్చునో చెప్పలేముగదా.

ఇక ఈ లెక్క చెల్లని తావులు. మోటారు మీట నొక్కిన తరువాత కొన్ని సెకనుల కాలము షాఫ్టు వేగము పెరుగుచుండును. అపుడు మోటారు లాగుడు యంత్రపు ప్రతిఘటనకంటె హెచ్చుగా ఉండక తప్పదు. ఆపునపుడును ఇట్లే. పుల్లీ గరిమనాభి అక్షమునుండి తొలగినచో మఱియొక చిక్కు. మన 20 కిలోల పుల్లీ గరిమనాభి 2 మిల్లీమీటరులు మాత్రమే తొలగినదనుకొందము. ఇపుడున్న వేగమున దానివలన పుట్టు బలము రెండున్నర కిలోలు, ఎవ్వరికిని తెలియదు. వేగమును పదిరెట్లు చేసినచో బలము నూరురెట్లగును - 250 కిలోలకు పైగా. అదియు ఒక దిక్కున నిలువక, చుట్టుచుట్టునకు దిక్కు మార్చుచు బేరింగును అదరగొట్టును. వేగముగా తిరుగు కదుళ్లను, చక్రములను తూకము చూచి బిగించుట అందువలననే. మరమగ్గపు క్రాంకు షాఫ్టు వేరొక రీతిది. అది ఒక్కొక్క చుట్టునకు ఒకమారు పలకను వెనుకకు కొనిపోయి ముందుకు కొట్టవలయును గనుక ఒక్క చుట్టులోనే దానిపై బలము పెరుగుచు తరుగుచు ఉండును. దానికి మన లెక్క సగటును మాత్రమే ఇచ్చును. సాంచా చప్పుడులోని లయ ఈ హెచ్చుతగ్గులదే. ఇట్టి చోట్ల కూడ త్వరణమును ఒక ఎదురుబలముగా భావించి సమతాస్థితి సూత్రములనే వాడుకొనవచ్చునని ఫ్రెంచి పండితుడు దాలంబేరు 1743లో ప్రకటించిన గ్రంథములో చూపినాడు. అది పై తరగతుల పాఠము.

భ్రామకపు లెక్కతోనే తెలియు ఇంకొక సంగతి యున్నది; దానిని మాత్రము పై తరగతులకు వదలరాదు. తిన్నని నున్నని షాఫ్టు తిరుగుచున్నను నిలిచియున్నట్లే కంటికి కనబడును. దానిపై మేకు లేదు, పల్లు లేదు. ధోవతి చెఱగో, చీరకొంగో, పొడవు చొక్కాచేయియో దానికి చుట్టుకొనినదనుకొనుడు. షాఫ్టు వ్యాసార్ధము 2 సెంటీమీటరులు, అనగా 0.02 మీటరు. మోటారు ఇచ్చుచున్న 9 కిలోగ్రాము-మీటరుల భ్రామకమును 0.02 చే భాగింపుడు. 450 కిలోలు! వ్యాసార్ధము తగ్గినకొలది లాగుడు పెరుగును గనుక సన్నని షాఫ్టు మఱింత బలముగా లాగును. గుడ్డ లోపలికి పోవు వేగము సెకనునకు అర మీటరు. రెండు మీటరుల బట్ట నాలుగు సెకనులలో చుట్టుకొనిపోవును. కేక విని మఱియొకడు వచ్చి మీట నాపుటకు ఆ వ్యవధి చాలదు. తిరుగు షాఫ్టులకు, పుల్లీలకు, పట్టాలకు గట్టి కంచె ఉండవలయునని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో విధించినది. తిరుగుచున్న యంత్రము దగ్గర నూనె పోయుట, సరిచూచుట వంటి పనులను, ప్రత్యేక శిక్షణ పొంది, ఒంటికి బిగువైన దుస్తులు ధరించిన వయోజనుడు మాత్రమే చేయవలయునని 22వ సెక్షను నియమించినది. ఆ బిగువు దుస్తులను యజమానియే ఇయ్యవలయునని కూడ అందుండెను. ఈ 450 కిలోలను ఎరిగినవానికి ఆ సెక్షను అర్థమును వేరుగా చెప్ప నక్కరలేదు. పిండిగిర్నిలో పట్టా తిరుగుటను చూడదలచిన విద్యార్థులు కంచెకు ఇవతలనుండియే చూడుడు. పట్టా అతుకు ఒక నిమిషములో ఎన్నిమారులు కంటబడునో లెక్కించి, పట్టా పొడవును అంచనా వేసినచో పట్టా వేగమును దూరమునుండియే కనుగొనవచ్చును.

ఇంటివద్ద చేయుటకు ఒక లెక్క. పై కార్ఖానాలో స్థలము చాలక, షాఫ్టును అంతే బరువున ఉంచి, దాని కొసను కొంచెము పెంచి, చిన్నపుల్లీని ఖ బేరింగునకు బయట, అనగా క నుండి రెండున్నర మీటరుల దూరమున బిగించిరనుకొనుడు. షాఫ్టు బరువు మునుపటి చోటనే పనిచేయునని గైకొనుడు. తక్కిన బలములన్నియు పూర్వము వలెనే. నిలువు ప్రతిక్రియలను కనుగొనుడు. భ్రామకముల మొత్తము 385 వచ్చినచో మీరు సరియైన దారిలో ఉన్నారు. ఖ పై 192.5 కిలోలు. మొత్తము క్రిందికి లాగునది 190 మాత్రమే గనుక క వద్ద మిగులునది ఋణము రెండున్నర కిలోలు. తప్పు చేసితిమని చెరిపివేయకుడు. క బేరింగు ఇపుడు షాఫ్టును పైకెత్తి మోయుటలేదు. లేవజూచుచున్న దానిని క్రిందికి అదిమి పట్టుచున్నది. ఆ పని చేయునది బేరింగు అడుగుభాగము కాదు, పైమూత, దానిని బిగించిన రెండు బోల్టులు.